మూత బిగిస్తే బూజు, తీస్తే ఎండు: పాము పెట్టెకి దారేది?

ప్రశ్న: మాది షికాగో శివారు. మా అబ్బాయి హైస్కూల్లో ఉన్నాడు. వాడి పోరు పడలేక కిందటేడు బాల్ పైథాన్ అనే పాము పిల్లను కొనిచ్చాం. చిట్టి అని పేరు పెట్టుకున్నాడు. మూడడుగుల గాజు ట్యాంకు, పైన జాలీ మూత, మూత మీద ఓ చివర వేడి దీపం. వేసవంతా బాగానే ఉంది. చలి మొదలై ఇంట్లో హీటర్ వేసినప్పటి నుంచి తేమ మీటరు 30 దాటడం లేదు. కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది. ఒక కంటి మీద పొర అలాగే ఉండిపోయినట్టుంది. తేమ చాలలేదని ఎవరో చెబితే మావాడు మూత మొత్తం ప్లాస్టిక్ ర్యాప్‌తో బిగించి, రోజుకు మూడు పూటలా నీళ్లు చల్లాడు. వారం తిరిగేసరికి గాజు నిండా చెమట, చెక్క పొట్టు మీద తెల్లటి బూజు, దగ్గరికెళ్తే ముక్కవాసన. పొట్ట కింద రెండు మూడు పొలుసులు ఎర్రగా కనిపిస్తున్నాయి. నిన్న రాత్రి ముక్కులోంచి సన్నగా ఈల లాంటి శబ్దం వచ్చిందంటున్నాడు. ర్యాప్ పీకేస్తే మళ్లీ 30 శాతం. ఒకరు తేమ పెంచమంటారు, ఇంకొకరు గాలి ఆడాలంటారు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? నాగుల చవితికి పుట్టలో పాలు పోయడమే తప్ప పాముని దగ్గరగా చూసి ఎరగను. మావారేమో ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. వాడి ఏడుపు చూడలేకపోతున్నాను.
— ఒక తల్లి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో డాక్టర్ చేయాల్సిన పని ఒకటుంది, ఇంట్లో మీవాడు చేయాల్సిన పని ఒకటుంది. పెట్టెని తాపీగా సరిచేసుకోవచ్చు. డాక్టర్ పని ఆగదు, అందుకే అది ముందు చెబుతాను.

తడి నేల మీద రోజుల తరబడి పడుకుంటే పాము పొట్ట పొలుసులు చెడిపోవడం మొదలవుతుంది. పెంచేవాళ్లు దీన్ని స్కేల్ రాట్ అంటారు. మొదట పొలుసు అంచు ఎర్రగానో గోధుమరంగుగానో మారుతుంది. తర్వాత నీటి పొక్కులు వస్తాయి. ముదిరితే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. తొలిదశలో పట్టుకుంటే తగ్గిపోయే జబ్బే. ఒక్క విషయం మాత్రం చూసుకోండి. కుబుసం విడిచే ముందు బాల్ పైథాన్ పొట్ట గులాబీ రంగుకి తిరగడం మామూలే, కానీ అప్పుడు పొట్ట పొడవునా ఒకే రంగు ఉంటుంది. అక్కడక్కడ రెండు మూడు పొలుసులే ఎర్రబడ్డాయంటే అది కుబుసం రంగు కాదు.

ఈల శబ్దానికి కారణాలు రెండుండొచ్చు. ముక్కు రంధ్రంలో పాత చర్మం ముక్క ఇరుక్కుంటే అలా కూస్తుంది, అది పెద్ద ప్రమాదం కాదు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ మొదలైనా అలాగే కూస్తుంది, అది మాత్రం ప్రమాదమే. ముక్కు దగ్గరో నోటి అంచునో బుడగలు, జిగురు కనిపించినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, తల పైకెత్తి అలాగే ఉంచుతున్నా ఇక వారాంతం దాకా ఆగొద్దు. మనకి పొట్టకీ ఛాతీకీ మధ్య డయాఫ్రమ్ అనే కండరపు పొర ఉంటుంది కదా, పాముకి అది లేదు. మనలా గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి తోసుకోలేదు. లోపల చేరింది లోపలే ఉండిపోతుంది. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లందరూ పాముల్ని చూడరు, కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. ఏఆర్ఏవీ అనే సరీసృపాల వైద్యుల సంఘం వెబ్‌సైట్‌లో మీ దగ్గర్లో ఎవరున్నారో వెతకొచ్చు. పొట్టకి ఏం రాయాలో, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ అవసరమో కాదో వాళ్లే చెప్పాలి. వెళ్లేటప్పుడు పొట్ట ఫొటోలు, పెట్టె ఫొటో, లోపలి ఉష్ణోగ్రతల చీటీ పట్టుకెళ్లండి. ఏ డాక్టరైనా మొదట అడిగేవి అవే.

డాక్టర్‌కి చూపించేదాకా ఆ బూజు పట్టిన పొట్టు మొత్తం తీసి పారేసి, పెట్టె కడిగి ఆరబెట్టి, అడుగున పేపర్ టవల్స్ పరవండి. తడిసిన ప్రతిసారీ మార్చాలి. నీళ్లు చల్లడం పూర్తిగా ఆపేయమనండి. వేడి చివర 32 డిగ్రీలు, చల్లటి చివర 26 డిగ్రీల దగ్గర ఉండాలి. ఒంట్లో బాగాలేని పాముకి చలి తగిలితే ఇంకా కుంగిపోతుంది. “అయ్యో, పేపర్ వేస్తే తేమ పోదా?” అంటారేమో. మొదట పెట్టె ఉన్న గదిలో ఒక హ్యుమిడిఫయర్ పెట్టి గది తేమని 40, 45కి తీసుకురండి. పెట్టెలో వెడల్పాటి నీళ్ల గిన్నె ఉంచండి. గాలిలో తేమ వేరు, నేల మీద తడి వేరు. చిట్టికి మొదటిది కావాలి. మీవాడు ఇచ్చింది రెండోది. ఈ తేడా పట్టుకుంటే మీ ప్రశ్నలో సగం చిక్కు విడిపోతుంది.

ఇక ఆ 30 శాతం ఎక్కణ్నుంచి వస్తోందో చూద్దాం.

మీటరు చూపించే శాతం, గాలిలో ఉన్న నీళ్లెన్నో చెప్పదు. ఆ వేడిలో గాలి మోయగలిగినదాంట్లో ఎంత మోస్తోందో చెబుతుంది. గాలి వేడెక్కేకొద్దీ మోసే శక్తి పెరుగుతుంది కాబట్టి, నీళ్లు అన్నే ఉన్నా శాతం పడిపోతుంది. బయట మైనస్ 5 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉన్న గాలి మీ ఇంట్లోకి వచ్చి 22 డిగ్రీలకు వేడెక్కితే 13 శాతానికి దిగుతుంది. మనం వండే వంట, స్నానాలు, మన ఊపిరి కలిసి దాన్ని ఓ పాతికకి లేపుతాయి. అదే గాలి చిట్టి దీపం కిందికి చేరి 32 డిగ్రీలైతే మళ్లీ 14 శాతమే. మీ పెదాలు పగులుతున్నాయి, దుప్పటి మడత పెడితే చిటపటమంటోంది కదా. అంతకన్నా పొడిగాలి దాని నెత్తి మీద ఉంది.

దానికి తోడు ఆ జాలీ మూత. దీపం కింద వేడెక్కిన గాలి తేలికై నేరుగా జాలీలోంచి పైకి పోతుంది. పోతూ పోతూ పెట్టెలోని తేమని మూటగట్టుకుపోతుంది. ఖాళీ అయిన చోటికి జాలీ మిగతా భాగంలోంచి గదిలోని పొడిగాలి దిగుతుంది. దీపం వెలిగినంతసేపూ ఇదే తంతు. ఎన్నిసార్లు నీళ్లు చల్లినా గంట తిరక్కుండానే మీటరు మొదటికి రావడానికి కారణం ఇదే. వేసవిలో ఇదే పెట్టె బాగా నడిచిందంటే ఆ ఘనత పెట్టెది కాదు, ఆ రోజుల్లో ఇంట్లో గాలికే తేమ ఉంది.

మూత మొత్తం బిగించేస్తే ఏమవుతుందో మీరే చూశారు. చిట్టికి ఊపిరాడదేమోనన్న భయం అక్కర్లేదు, పాము వాడుకునే ఆక్సిజన్ చాలా కొంచెం. కదలని తడిగాలితోనే గొడవంతా. గాలి కదలకపోతే పొట్టు పైభాగం ఎప్పటికీ ఆరదు. ఆరని చోట బూజు పడుతుంది, బ్యాక్టీరియా పెరుగుతుంది. పాము మలంతో పాటు వదిలే తెల్లటి సుద్ద లాంటి పదార్థం కుళ్లి అమోనియా వాసన లేస్తుంది, అదే దాని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీ ముక్కుకి ముక్కవాసన తగిలిందంటే, నేల మీదే ముక్కు పెట్టుకుని పడుకునే ప్రాణికి ఎలా ఉంటుందో చూడండి.

మీరు పుట్ట మాట ఎత్తారు కాబట్టి అక్కడికే వస్తాను. బాల్ పైథాన్లది పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచే ఎక్కువగా ఎగుమతి అవుతాయి. అవేమీ నిత్యం వానలు కురిసే కీకారణ్యాల్లో మాత్రమే బతికేవి కావు. గడ్డి మైదానాలు, పొలం గట్లు వాటి చోటు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సహారా వైపు నుంచి హర్మటాన్ అనే దుమ్ముగాలి వీస్తుంది. దాని ధాటికి పెదాలు పగిలిపోతాయి. అంత ఎండుగాలిలోనూ అక్కడి పాములు చక్కగా కుబుసం విడుస్తాయి. ఎందుకంటే అవి పగలంతా ఎలుక కలుగులోనో, చెదలు వదిలేసిన పుట్టలోనో ఉంటాయి. మన ఊళ్లలోనూ పాము పుట్టకి చేరేది అందుకే. లోపల వేడి నిలకడగా ఉంటుంది, గోడల మట్టి తేమని పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదులుతుంది, గాలి ఆగిపోకుండా నిదానంగా తిరుగుతుంటుంది. ఒడోంటోటెర్మిస్ జాతి చెదలు కట్టే పుట్టల్లో, పగటి ఎండకీ రాత్రి చల్లదనానికీ ఉన్న తేడాతోనే లోపలి గాలి తిరుగుతుందని మన దేశంలోనే కొలిచి చూసి 2015లో ప్రచురించారు. అంటే తేమా గాలీ ఒకదానికొకటి శత్రువులు కావు. నీళ్లు కింద మట్టిలో దాగి ఉండి, గాలి పైన నెమ్మదిగా నడుస్తుంటే రెండూ ఒకే చోట ఉంటాయి. మీ ట్యాంకులో చేయాల్సిందీ అదే.

మూతతో మొదలుపెట్టండి. ప్లాస్టిక్ ర్యాప్ వద్దు, దీపం వేడికి కరిగి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ చాలు. జాలీ పైన, అంటే బయటి వైపు, నాలుగింట మూడొంతులు కప్పండి. దీపం చుట్టూ నాలుగంగుళాలు ఖాళీ వదలండి. దానికి ఎదురు చివర, చల్లటి వైపు, రెండంగుళాల పట్టీ తెరిచి ఉంచండి. వేడిగాలి దీపం పక్క నుంచి పోతుంది, కొత్తగాలి ఆ చివరి పట్టీ నుంచి దిగి పెట్టె పొడవునా నడిచి వస్తుంది. మొత్తం తెరిచిన జాలీ కన్నా ఎంతో నెమ్మది, మొత్తం మూసినదాని కన్నా ఎంతో మేలు. ఫాయిల్ కదలకుండా టేపు వేస్తే బయటే వేయాలి. పెట్టె లోపల టేపు ఎక్కడా, ఒక్క అంగుళం కూడా ఉండకూడదు. పాము దానికి అంటుకుంటే విడదీసేటప్పుడు తోలు ఊడొస్తుంది.

ఎంత మూయాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. గాజుని చూసి మీవాడే తేల్చుకోవాలి. పొద్దున్నే గాజు మీద ఆవిరి కనిపించి మధ్యాహ్నానికి ఆరిపోతే సరిపోయినట్టే. సాయంత్రం దాకా చెమట కారుతూనే ఉంటే పట్టీని ఇంకో రెండంగుళాలు తెరవాలి. ఆవిరి అసలే లేక మీటరు 50 కిందే ఉంటే ఓ అంగుళం మూయాలి. మార్చిన ప్రతిసారీ రెండు రోజులు ఆగి చూడమనండి, ఈ వయసు పిల్లలు గంటకోసారి కెలుకుతారు.

గాజు మీద చెమట పట్టిందంటే లోపల తేమ మితిమీరిందనే అనుకోనక్కర్లేదు. రాత్రి మీరు హీటర్ 18కి తగ్గించి పడుకుంటే గాజు చల్లబడుతుంది. లోపల 26 డిగ్రీల్లో 75 శాతం, అంటే చిట్టికి సరైన తేమే ఉన్నా, 21 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న గాజుని తాకితే నీళ్లై కారుతుంది. వెనక గోడకీ రెండు పక్కలా బయటి నుంచి థర్మకోల్ షీట్ ఆనించండి. చెమట తగ్గుతుంది, కరెంటు బిల్లూ కాస్త తగ్గుతుంది.

ఇప్పుడు నేల. మూత కన్నా ముఖ్యమైనది ఇదే. డాక్టర్ చూసి పొట్ట మానిందన్నాకే ఈ పని పెట్టుకోండి. మీవాడు వాడిన చెక్క పొట్టు బహుశా ఆస్పెన్ అయి ఉంటుంది. ఎండు ప్రాంతాల పాములకి బాగుంటుంది గానీ తడి తగిలితే ఇట్టే బూజు పడుతుంది. దేవదారు లాంటి ఘాటు వాసన చెక్కలు అసలు వద్దు, వాటి నూనెలు సరీసృపాలకి పడవు. కొబ్బరి డొక్క ముక్కలు, కొబ్బరి పొట్టు కలిపి వేయండి. అక్కడి షాపుల్లో ఇటుకల్లా నొక్కి అమ్మే ఆ పొట్టులో ఎక్కువభాగం మన దక్షిణాది నుంచో శ్రీలంక నుంచో వెళ్లిందే. కోనసీమలో ఒకప్పుడు రోడ్డు పక్కన గుట్టలుగా పోసి వదిలేసిన సరుకు ఇప్పుడు డాలర్లు పోసి కొనుక్కుంటున్నాం. సైప్రస్ మల్చ్, అంటే సైప్రస్ చెట్టు చెక్క తురుము, దొరికినా మంచిదే. మీ పెట్టెకి నాలుగంగుళాల మందం రావాలంటే దాదాపు 40 లీటర్లు పడుతుంది. అంగుళం మందం పరిస్తే లాభం లేదు, నీళ్లు దాచుకునే చోటే ఉండదు.

నీళ్లు చల్లకూడదు, పోయాలి. చెంబుతో, నాలుగు మూలల్లో, గాజు అంచు వెంట నిదానంగా పోస్తే అడుక్కి దిగి అక్కడి నుంచి పక్కకి పాకుతాయి. మొదటిసారి ఓ నాలుగు గ్లాసులు, ఆ తర్వాత అవసరాన్ని బట్టి వారానికో పది రోజులకో రెండు మూడు గ్లాసులు. చాలిందో లేదో చేత్తోనే తెలుస్తుంది. పై పొట్టు మీద అరచెయ్యి ఆనిస్తే పొడిగా ఉండాలి, తడి అంటకూడదు. వేళ్లు అడుగుదాకా దించి గుప్పెడు తీసి పిండితే ముద్దవ్వాలి, చుక్క కారకూడదు. చుక్క కారిందంటే ఎక్కువ పోశారు, రెండు రోజులు పొట్టు కలియబెట్టి ఆరనివ్వండి. పాము పడుకునేది పొడి పై పొర మీద, తేమ వచ్చేది అడుగు నుంచి. పొట్ట తడవదు, గాలి ఎండదు. స్ప్రే సీసాతో జరిగేది దీనికి సరిగ్గా తిరగేసిన పని. పైన తడి, కింద పొడి. గంటసేపు మీటరు 90 కొడుతుంది, మళ్లీ 30. ఆ ఊగిసలాటలో పాము పొట్ట నాని, ఒళ్లు ఎండుతుంది.

పెట్టె అడుగున హీట్ మ్యాట్ ఉందా? మీరు రాయలేదు. ఉంటే, ఇంత మందం పొట్టు వేశాక దాని వేడి పైకి రాదు, కింద మాత్రం ఇరుక్కుని గాజు పగిలేంత వేడెక్కొచ్చు. తీసేయండి. దీపమైనా, ఇంకేదైనా, వేడి మితిమీరకుండా చూసే థర్మోస్టాట్ లేకుండా ఒక్కరోజు కూడా నడపొద్దు.

దాక్కునే గూళ్లు రెండుండాలి, వేడి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి. ద్వారం పాము దూరేంత ఉంటే చాలు. వీటికి తోడు మూడోది తడి గూడు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకి పక్కన గుండ్రటి కంత కోసి, అంచులు గరుకు లేకుండా చేసి, లోపల నీళ్లలో నానబెట్టి గట్టిగా పిండేసిన స్ఫాగ్నమ్ నాచు సగందాకా నింపండి. కళ్లు నీలంగా మసకబారాయంటే కుబుసం దగ్గరపడినట్టు. అప్పుడు పెట్టి, కుబుసం విడిచాక తీసేయండి. ఇంట్లో తేమ మరీ తక్కువున్న నెలల్లో ఉంచేసినా ఫరవాలేదు గానీ వాసన వస్తే ఆ రోజే నాచు మార్చాలి. హర్మటాన్ రోజుల్లో పైన ఎంత ఎండుగా ఉన్నా కలుగు కాపాడిందన్నాను కదా, ఈ డబ్బా చేసేదీ ఆ పనే. పెట్టె మొత్తం 80 ఉండాలని పట్టుబట్టడం కన్నా, పెట్టె 60, 75 మధ్య ఉండి డబ్బాలో ఇంకా ఎక్కువ ఉంటే చిట్టి తనకి కావలసిన చోటు తనే వెతుక్కుంటుంది. పొట్ట మానేదాకా మాత్రం ఈ తడి గూడు కూడా వద్దు.

మీటర్ల గురించి. గాజుకి అతికించే గుండ్రటి ముల్లు మీటర్లని నేను నమ్మను. డిజిటల్‌వి రెండు కొని, ఒకటి చల్లటి చివర, ఒకటి వేడి చివర, రెండూ నేల మట్టంలో పెట్టండి. పాము ఉండేది నేల మీద, మూత దగ్గర కాదు. వాటిని కూడా ఒకసారి పరీక్షించాలి. సీసా మూతలో ఉప్పు పోసి, ఇసుక తడిసినంతగా నాలుగు చుక్కల నీళ్లు కలిపి, మీటరుతో పాటు జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి ఎనిమిది గంటలుంచండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది, అది ఉప్పు గుణం. మీటరు 68 చూపిస్తే ఏడు తక్కువ చెబుతోందని దాని మీదే రాసుకోండి. మీవాడికి సైన్సు ప్రాజెక్టులా ఉంటుంది, వాడికే వదిలేయండి.

రెండు మీటర్లూ వేర్వేరు అంకెలు చూపిస్తే కంగారు పడొద్దు. చల్లటి చివర 26 డిగ్రీల్లో 75 ఉంటే, అదే గాలి వేడి చివర 32 డిగ్రీల్లో 53 చూపించాలి. వేడి చివర కూడా 75 రావాలని నీళ్లు పోస్తూ పోతే చల్లటి చివర చిత్తడి అవుతుంది. లెక్కకి చల్లటి చివరి అంకెనే తీసుకోండి.

నీళ్ల గిన్నె లోతు కన్నా వెడల్పు ముఖ్యం, ఆవిరయ్యేది పైభాగం నుంచే. పొగమంచు వదిలే ఫాగర్ యంత్రాలు కొనమని ఎవరైనా అంటే మర్యాదగా వద్దనండి. సన్నటి నీటి తుంపర, దాని ట్యాంకులో పెరిగిన బ్యాక్టీరియాతో సహా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్న పాము దగ్గర అది అస్సలు ఉండకూడదు. కంప్యూటర్ ఫ్యాన్లు బిగించే సరదా కూడా అనవసరం. అంతగా ఖర్చు పెట్టాలని ఉంటే ఆ డబ్బు దాచి, చిట్టి పెద్దయ్యేసరికి పక్కలకి కంతలున్న నాలుగడుగుల పీవీసీ పెట్టె కొనండి. తేమ నిలవడంలో దానికీ గాజు ట్యాంకుకీ పోలికే లేదు, గాలి కూడా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దానంతటదే నడుస్తుంది.

మన రాష్ట్రాల్లో ఉన్న పాఠకులకి ఓ మాట. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలంలో ఇంటి గాలే 80 దాటుతుంది. అక్కడ నేను చెప్పిన ఫాయిల్ తీసేసి, నీళ్లు పోయడం మానేసి, పక్క కంతలు పెంచుకోవాలి. హైదరాబాద్‌లో రోజంతా ఏసీ వేసే గదిలో పెట్టె పెడితే మాత్రం షికాగో కష్టాలే. ఇంకోటి, నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకైనా ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. అమ్మేవాడు కాగితాలు అక్కర్లేదన్నాడంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మీవారి మాట. ఆయనకి పాము మీద కోపమో, ముక్కవాసన మీద కోపమో నాకు తెలీదు. రెండోదైతే ఈ మార్పులతో పోతుంది. కానీ బాల్ పైథాన్ ఇరవై ఏళ్ల పైన బతుకుతుంది, మీ అబ్బాయి మరో రెండు మూడేళ్లలో కాలేజీకి వెళ్తాడు. హాస్టళ్లలో పాముల్ని రానివ్వరు. ఆ తర్వాత చెంబుతో నీళ్లు పోసేది ఎవరన్నది ముగ్గురూ కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి. ఇచ్చేయాలనే తేలితే ఆరోగ్యం కుదుటపడ్డాకే ఇవ్వండి, జబ్బు పామునీ తడి పెట్టెనీ ఇంకొకరికి అంటగట్టొద్దు. ఇంకో జాగ్రత్త, పాముని గానీ దాని గిన్నెల్ని గానీ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అంటుకునే వీలుంది. ఆ గిన్నెలు వంటింటి సింకులో కడగనివ్వకండి.

చలికాలంలో అది నాలుగైదు వారాలు తిండి మానేసినా హడలిపోవద్దు, ఈ జాతికి అది అలవాటే. వంటింటి త్రాసు కాకుండా వేరే డిజిటల్ త్రాసు మీద వారానికోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గుతూ పోతేనే ఆలోచించాలి.

ఆ కంటి పొర సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే దాన్ని ఎవరూ ముట్టుకోకపోవడమే దానికి మందు. పట్టకారుతో లాగితే కింద ఉన్న అసలు పొర చిరిగి కన్నే పోతుంది. డాక్టర్ దగ్గరికి ఎలాగూ వెళ్తున్నారు, చూపించండి. ఒంటి మీద మిగిలిన ముక్కలకి, డాక్టర్ సరేనన్నాక, గాలి కంతలున్న ప్లాస్టిక్ తొట్టిలో గోరువెచ్చటి నీళ్లతో తడిపి పిండిన టవల్ వేసి అరగంట పాకనిస్తే వాటంతటవే ఊడతాయి. తోక చివర మిగిలిన ముక్కని వదిలేయకండి, అది రింగులా బిగిసి ఎండితే రక్తం ఆడక తోక కొస చచ్చుబడుతుంది.

పెట్టె సరైందో లేదో వచ్చే కుబుసమే చెబుతుంది. కళ్లు మసకబారి, మళ్లీ తేటపడిన రెండు నాలుగు రోజులకి విడుస్తుంది. ముక్కు నుంచి తోక దాకా ఒకే గొట్టంలా, లోపలి వైపు బయటికి తిరిగి రావాలి. దాన్ని పారేయకుండా బల్ల మీద పరిచి తల దగ్గర చూడమనండి. రెండు కళ్ల చోటా కాంటాక్ట్ లెన్స్ లాంటి బిళ్లలుండాలి. పాత పొర వీడిన కంటికి ఆ బిళ్ల కాస్త మందంగా కనిపిస్తుంది. బిళ్ల ఉండాల్సిన చోట కంత ఉంటే ఆ కన్ను వీడలేదన్నమాట, మళ్లీ డాక్టర్‌కి ఫోన్ చేయండి.